మిగిలిన ముప్పై పేజీలు

రెబెక్కమ్మకు కథల పుస్తకాలంటే గిట్టదు. బైబిలుంటే చాలు, మిగతావన్నీ కళ్ళు పాడుచేసుకోవడానికేనని ఆమె నమ్మకం. అలాంటి మనిషి 1962 అక్టోబరు నెలలో, కోడలు జయశీల చదివే ఇంగ్లీషు నవల కోసం మధ్యాహ్నం వంట తొందరగా ముగించడం మొదలుపెట్టింది.

వాళ్ళ పెంకుటిల్లు బిట్రగుంట లోకో షెడ్డు వెనక ఉండేది. రైల్వే కాలనీలో డ్రైవరు భార్య మిసెస్ డిక్రూజ్ మద్రాసుకు కాపురం మారుస్తూ, మోయలేని సామానుతోపాటు ఆ పుస్తకాన్ని కూడా జయశీలకు ఇచ్చేసి వెళ్ళింది. జయశీల నెల్లూరు మిషను బళ్ళో చదువుకున్న పిల్ల. ఒక పేరా తనలో తాను చదువుకుని, తెలుగు చేసి అత్తకు చెప్పేది. అత్తకు అక్షరం ముక్క రాదు.

కథ ఎక్కడో మంచుదేశంలో జరుగుతుంది. జనం రాజు మీద తిరగబడ్డారు. అదే అదనుగా పొరుగు దేశం దండెత్తింది. గుళ్ళకు తాళాలు పడ్డాయి. పాదిరి కూతురు లీదియా, గడియారాలు బాగుచేసే మార్కు ఒకరినొకరు ప్రేమించుకున్నారు. నేలమాళిగలో దొంగతనంగా ప్రార్థన చేసుకునే చోట ఇద్దరూ కలుసుకునేవారు.

"ఆ మంచులో చెప్పుల్లేకుండా పరిగెత్తిందే, ఆ పిల్లకు బుద్ధుండొద్దా?" అనేది రెబెక్కమ్మ. మళ్ళీ తనే, "ఊఁ, తర్వాతేమైందో చెప్పు," అనేది.

రెబెక్కమ్మ ఒక్కగానొక్క కొడుకు పేరు సమాధానం. పట్టాళంలో టెలిఫోను తీగలు లాగే పనిలో ఉన్నాడు. జయశీలతో పెళ్ళయి ఏడాదిన్నర. ఆ అక్టోబరులోనే చైనా యుద్ధం మొదలైంది. సమాధానాన్ని సరిహద్దు కొండల మీదికి పంపారు. మొదట రెండు ఉత్తరాలు వచ్చాయి. ఆ తర్వాత పోస్టుమాను వాళ్ళింటి ముందు ఆగడం మానేశాడు. ఆడవాళ్ళిద్దరికీ పగటిపూట గుండె దిటవు చేసుకోవడానికి లీదియా కథ ఒక్కటే మిగిలింది.

నవంబరులో ఒక ఆదివారం గుడి నుంచి వచ్చి, అన్నాలు తిని, వరండాలో కూర్చున్నారు. ఆ రోజు చదివింది లీదియా పెళ్ళి. మార్కు పాత గడియారపు ఇత్తడి చక్రాన్ని అరగదీసి ఉంగరం చేశాడు. అది లీదియా వేలి కణుపు దగ్గరే ఇరుక్కుపోయింది. అటు సైనికుల బూట్ల చప్పుడు, ఇటు ముసలి పాదిరి ఉంగరాన్ని తోస్తూనే ఉన్నాడు.

"సబ్బునీళ్ళు పెట్టమని చెప్పు," అంది రెబెక్కమ్మ. "నా పెండ్లిలోనూ ఇంతే. మీ మామ నా వేలు విరిచినంత పని చేసినాడు."

ఇద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

డిసెంబరులో తంతి వచ్చింది. సమాధానం ఆచూకీ తెలియడం లేదని అందులో ఉంది. నవలలో మార్కు కూడా ఒక యుద్ధం తర్వాత కనపడకుండా పోయాడు. జయశీల పుస్తకం మూసేయాలనుకుంది. అత్త ఒప్పుకోలేదు.

"వాడు దొరికేదాకా చదువు," అంది.

కథ అయిపోతుందన్న భయంతో రోజుకు రెండు పేజీలే చదివేవారు. కొన్నాళ్ళు ఒక్కటే చదివారు.

మే నెలలో మాల్యాద్రి వచ్చాడు. సమాధానంతో కలిసి పనిచేసిన వాడు, కావలి దగ్గరి వాడు. చైనావాళ్ళు పట్టుకుని వదిలిపెట్టిన ఖైదీల్లో ఒకడు. అతని ఎడమచేతికి మూడు వేళ్ళు లేవు. మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు.

"తీగ తెగితే కట్టేదానికి పోయి, ఆడనే ప్రాణం వదిలినాడు పెద్దమ్మా. నవంబరు పద్దెనిమిది. ఆదివారం. మధ్యాహ్నం రెండైంటది. నేను కళ్ళారా చూసినాను."

"పూడ్చినారా నాయనా?"

మాల్యాద్రి తలొంచుకున్నాడు. "మంచు పడతా ఉండింది. మేము పరిగెత్తినాం."

అతను వెళ్ళిపోయాక జయశీల వేళ్ళ మీద వారాలు లెక్కపెట్టింది. లెక్కపెట్టకముందే ఆమెకు తెలుసు, తామిద్దరూ లీదియా ఉంగరానికి నవ్వింది ఆ మధ్యాహ్నమేనని. తలెత్తేసరికి అత్త తననే చూస్తూ ఉంది. రెబెక్కమ్మ లేచి, పుస్తకాన్ని అటక మీదికి విసిరేసింది. పాస్టరు జీవానందంగారు వచ్చి జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక పెడదామంటే, "శవం చూపించండి, పెడతా," అని తలుపు వేసుకుంది. ఏడవలేదు. కోడలితో కూడా ఉప్పు, కిరసనాయిలు మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం చింతపండు గింజలు తీస్తున్న రెబెక్కమ్మ ఉన్నట్టుండి అంది: "ఆ పుస్తకం దించు. ఎన్ని పేజీలుండాయి ఇంకా?"

"ముప్పై ఉంటాయత్తా."

"చదువు."

జయశీలకు చివర ఏముందో తెలుసు. అత్త పనిమీద పోయినప్పుడు అటకెక్కి, దొంగలా చదివేసింది. మార్కు తిరిగొస్తాడు. ఒక కాలు కుంటుతూ, వానలో, లీదియా వాకిట్లోకి వస్తాడు. ఆ మాట ఈ ఇంట్లో ఎలా చెప్పాలి? ఇరవై ఎనిమిది పేజీలు ఉన్నదున్నట్టు చెప్పి, అక్కడ ఆగింది.

"మార్కు చనిపోయినాడని కబురొచ్చిందత్తా. లీదియా బడి పెట్టుకుని బతికింది. అంతే, అయిపోయింది."

రెబెక్కమ్మ చేతిలో గింజ పక్కన పెట్టింది. షెడ్డులో ఇంజనొకటి ఆవిరి వదిలింది. ఆ చప్పుడు అణిగేదాకా ఆగి, అంది:

"నాకు చదువు రాదు గానీ కళ్ళుండాయి. నువ్వు పేజీ తిప్పలేదు."

జయశీల ముఖం ఎర్రబడింది.

"నా కోసరం వాణ్ణి చంపబాక. ఏముంటే అది చదువు."

జయశీల పేజీ తిప్పింది. వాన, వాకిలి, కుంటికాలు, లీదియా చేతిలోంచి జారిన పాలచెంబు, అన్నీ చెప్పింది. మార్కు ముసలితల్లి గుమ్మంలోకి వచ్చి, చూపు ఆనక, కొడుకు ముఖాన్ని చేతులతో తడుముతుంది. అది చెప్పేటప్పుడు జయశీల పుస్తకం మీంచి తలెత్తలేదు. అలాగే చివరి వాక్యం దాకా చదివింది.

"వచ్చినాడా," అంది రెబెక్కమ్మ. "పోనీలే. ఒక తల్లి బిడ్డన్నా ఇల్లు చేరినాడు."

ఆ మాట అన్నాక ఆమె ముఖం ఒక్కసారిగా ముడుచుకుపోయింది. మే నెల నుంచీ బిగబట్టిన ఏడుపు అప్పుడు వచ్చింది. చింతపండు చేతులతోనే నెత్తి కొట్టుకుంది. జయశీల ఆ రెండు చేతులూ పట్టుకుని, ఆమె ఒళ్ళో తలపెట్టి, తనూ ఏడ్చింది. ఆ ఆదివారం నవ్వినందుకు తనను తాను క్షమించుకోలేదన్న సంగతి చెప్పబోయింది. అత్త చెప్పనివ్వలేదు.

"నాకు తెలుసులే," అంది. "నేనూ నవ్వినాను గదా."

పొద్దు వాలాక రెబెక్కమ్మ ముఖం కడుక్కుని తెల్లచీర కట్టుకుంది. కోడల్ని వెంటబెట్టుకుని పాస్టరుగారింటికి నడిచి, "వచ్చే ఆదివారం నా కొడుక్కు కూడిక పెట్టండయ్యా," అని అడిగింది.