కుక్కని పట్టుకోండీ!

మా మామగారు దొండోగ్‌కి చాదస్తం ఎక్కువ. కొత్త కుక్కపిల్ల ఖసర్ ఎవరిని చూసినా తోకాడిస్తోందని, దానికి తనే తర్ఫీదు మొదలుపెట్టారు.

సాయంత్రం గొర్రెలు దొడ్డికి చేరాక కోటు తిరగేసి తొడుక్కుని, గుర్రమెక్కి గుట్ట వెనక్కి వెళ్ళేవారు. అక్కడి నుంచి పరాయి మనిషిలా వస్తూ, మా గుడారాలకొచ్చే ఎవరైనా వేసే కేకే వేసేవారు. "కుక్కని పట్టుకోండీ!"

ఖసర్ మొరిగితేగా! గెంతుకుంటూ ఎదురెళ్ళి గుర్రం చుట్టూ తిరిగేది. ఆయనేమో జేబులోంచి ఎండు పెరుగు ముక్క తీసి పెట్టేవారు.

"మీరు నేర్పేది కాపలా కాదు మామయ్యా, అతిథి మర్యాదలు!" అని విసుక్కుంటూనే ఆయన గిన్నెలో టీ పోసి అందించేదాన్ని.

"నువ్వూరుకోవే! రేపు తోడేళ్ళు కూడా దీనికి దడుచుకుంటాయి చూడు."

ఆ చలికాలం తప్పిపోయిన గొర్రెల కోసం మంచుతుఫానులో వెళ్ళారు. గుర్రం ఒక్కటే తిరిగొచ్చింది. మంచు కరిగాక గాని ఆయన దొరకలేదు.

ఖసర్ ఇప్పుడు తోడేళ్ళని తరుముతోంది. నిన్న మాత్రం ఉన్ని కొనేవాడెవరో గుట్ట మీంచి "కుక్కని పట్టుకోండీ!" అని అరవగానే తోకాడిస్తూ పరుగెత్తింది. అతని జేబు వాసన చూసింది. తోక దించేసి, అతన్ని దాటుకుని గుట్ట వెనక్కి వెతకడానికి పోయింది.

"ఇదేం కుక్క వదినా, మొరగదా?" అని నవ్వాడతను.

ఖసర్‌ని తిట్టబోయాను. అప్పటికే నేనూ గుడారం బయట నిలబడి గుట్టవైపే చూస్తున్నాను. చేతిలో మామయ్య టీ గిన్నె ఉంది.