పలచనైన పాయసం

మా ఇంటామె అండాలు నల్గొండల మా గల్లీకి పాయసం మంత్రి. ఎవలింట్ల పిల్లలు పాసైనా, ఎవలు కొత్త బండి కొన్నా, గిన్నె పట్టుకొని ముందు మా గడపే తొక్కుతరు. ఆమె లెక్క ఒక్కటే: సేమియా ప్యాకెట్ ఒకటి, పాల ప్యాకెట్లు నాలుగు. తూకం, కొలత గ్లాసు ఆమెకు పట్టవు. పెండ్లయిన కాడికెల్లి గిదే ఖాయిదా.

ఈ ఎండాకాలం సంది ఆ పాయసం పలచనైతాంది. మొదటిసారి తప్పు పాలాయన మీద పెట్టింది. రెండోసారి పొయ్యి మీద పెట్టింది. మూడోసారి పక్కింటి సుక్కమ్మ ఒక గుటక మింగి, "వదినా, గిది తినాల్నా, తాగాల్నా?" అన్నది. నవ్వుకుంటనే అన్నది గానీ మా ఆమెకు గుండెల గుచ్చుకున్నది.

నా నోరు ఊకుంటదా? "పాయసం పాయె, రసం వచ్చె!" అన్న. ఆ పొద్దు నా పల్లెంలకు రసం గూడ రాలే.

అండాలు గరిటె కడిగి గోడకు తగిలించింది.

"నా చేతిల రుచి పోయిందయ్యా. వయసైంది. ఇగ నేను పాయసం జెయ్య."

ఐతారం అచ్చంపేట నుంచి ఆమె తమ్ముడు విజేందర్ వస్తుండు. అక్క పాయసం కోసమే బస్సెక్కే మనిషి. "వానికి మిఠాయి దుకాణంల మైసూర్‌పాక్ కొనుక్కరా" అన్నది. ఎప్పుడూ గట్టిగ ఒర్రే మనిషి గంత మెల్లగ మాట్లాడితే నాకు భయమైంది.

ఐతారం పొద్దుగాల నేనే లుంగీ ఎగ్గట్టి వంటింట్ల దిగిన. "నువ్వు కూసొని చెప్పు, నేను జేస్త. చెయ్యి నాది, చెప్పుడు నీది. ఎట్లయినా ఇంట్ల నడిచేది గదే గదా!"

సాయిలు దుకాణంల తెచ్చిన ప్యాకెట్ కోసి సేమియా నేతిల వేయించిన. ఆమె చెప్పినట్టే నాలుగు పాల ప్యాకెట్లు పోసిన, చక్కెరేసిన. ఉడికినంక గరిటె ఎత్తితే వాన నీళ్ల లెక్క జారింది.

అండాలు లేచొచ్చి తొంగి చూసింది. "నీ చేతిల గూడ రుచి పోయిందా?"

"నా చేతిల ఎప్పుడున్నది పిల్లా, పోనీకి?"

ఆమె జరసేపు నన్ను, గిన్నెను మార్చి మార్చి చూసింది. గబగబ అలమారు తెరిచి, మెంతులు పోసి రబ్బరేసిన పాత సేమియా కవరు ఒకటి తీసింది. కొత్త కవరు పక్కన పెట్టింది. అదే కంపెనీ, అదే బొమ్మ, అదే ధర.

"అద్దాలు పెట్టుకొని చదువయ్యా."

పాతదాని మీద రెండు వందల గ్రాములు. కొత్తదాని మీద నూట యాభై, అదీ చీమ తలకాయంత అక్షరాలల్ల.

"పేరు సేమియా, కానీ సేమ్ ఇయ్యలే!" అన్న.

ఇగ శాపనార్థాలు మొదలైతయనుకున్న. అండాలు రెండు చేతులెత్తి, "నన్ను మోసం జేసిండ్రు!" అని సంబురంగ ఒర్రింది. మోసపోయినందుకు గంత ఖుషీ అయిన మనిషిని నేను యాడ చూడలే. గోడ దగ్గరికి ఉరికింది.

"ఓ సుక్కమ్మా! నా చెయ్యి మంచిగనే ఉన్నది. ప్యాకెటే చిక్కింది!"

అవతలికెల్లి సుక్కమ్మ: "అయ్యో వదినా! సేమియా ఉప్మా తక్కువైతాంటే మా ఆయన పొయ్యి మీదనే తింటుండని రోజూ తిడుతున్న!"

సాయిలు దుకాణంకు ఉరికి ఇంకో ప్యాకెట్ తెచ్చిన. విజేందర్ బస్సు దేవరకొండ దాటిందని ఫోనొచ్చింది. అండాలు గరిటె గుంజుకొని నన్ను పక్కకు నూకింది. ఈసారి ప్యాకెట్ లెక్క జూడలే. పిడికిట్ల పట్టి, వేయించి, పాలల్ల పోసి, కలిపి, ఇంకింత పోసింది. పాయసం చిక్కబడ్డది. ఆమె గొంతు మళ్ల గట్టివడ్డది.

ఇదే మోకా అని అడిగిన: "నా సబ్బు తొందరగ అరుగుతాందని తిడితివి గదా, దాని గ్రాములు గూడ చూద్దామా?"

"గది వేరే కేసు. నువ్వు నిజంగనే ఎక్కువ రుద్దుకుంటవు" అని, చెంచాల పాయసం ఉఫ్ ఉఫ్‌మని ఊది, నా నోట్లె పెట్టింది.