అత్తగారి చెయ్యి ఎవరు పట్టుకోవాలి

పెద్దకోడలికి భూకంపమంటే భయం లేదు, తోడికోడలంటేనే మంట. నిన్నగాక మొన్న కాపురానికొచ్చిన ఆ పిల్ల బడిలో పంతులమ్మ. అక్కడ పిల్లలకు నేర్పే జాగ్రత్తలన్నీ ఇంటికి మోసుకొచ్చింది. బీరువాను గోడకు బిగించింది. అటక మీది ఇత్తడి బిందెల్ని కిందికి దింపించింది. అత్తగారి మంచం తలాపునున్న పెద్ద అద్దం పటాన్ని పీకి అవతలి గోడకు పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో గరిటె జాగా మార్చాలన్నా పెద్దకోడల్ని అడగాల్సిందే! ఇప్పుడేమో అత్తగారు "చిన్నది చెప్పిందంటే సబబే" అంటున్నారు. కడుపు మండదూ మరి?

పుండు మీద కారం పడింది మాత్రం పనులు పంచిన రోజున.

"నేల ఊగుతున్నంతసేపు ఎవరూ పరిగెత్తొద్దు. భోజనాల బల్ల కింద దూరి, తల దాచుకుని, బల్ల కాలు గట్టిగా పట్టుకోవాలి. ఆగాక నేను అత్తయ్య చెయ్యి పట్టుకుని మెట్ల మీంచి దింపుతాను. లిఫ్టు జోలికి పోవద్దు. అక్కా, నువ్వు సిలిండర్ కట్టేసి మా వెనకే వచ్చెయ్" అంది చిన్నది.

బాగుందమ్మా వరస! నలుగురి ముందూ అత్తగారిని నడిపించుకొచ్చే గొప్ప ఆవిడది, వంటింటి చాకిరీ ఈవిడది. మరి ఆ మోకాళ్ళకు ఇన్నేళ్ళూ నూనె రాసిందెవరో? "అలాగేలే" అంది పెద్దకోడలు పైకి. లోపల కుతకుత ఉడికిపోయింది.

ఒక సాయంత్రం, మగవాళ్ళింకా ఇంటికి రాకముందే, నేల నిజంగానే ఊగింది. ముగ్గురూ బల్ల కింద దూరారు. కరెంటు పోయింది. పొయ్యి మీది పాలగిన్నె దబ్బున పడ్డ చప్పుడు ముగ్గురికీ వినిపించింది.

ఊగడం ఆగగానే చిన్నది, "అక్కా, సిలిండర్!" అంది.

"నాకు తెలీదేంటి? గాజుపెంకులున్నాయి, ముందు అత్తయ్య చెప్పులు చూడు."

చెప్పులు అందాయో లేదో, పెద్దకోడలు అత్తగారి చెయ్యి పుచ్చుకుని గుమ్మం దాటేసింది. మెట్ల మీద ఇరుగుపొరుగు తప్పుకుని దారిచ్చారు. పెద్దకోడలి పాదాలు నేల మీద ఆనలేదంటే నమ్మండి.

కింద ఖాళీ జాగాలో కూర్చోగానే అత్తగారు అడిగారు. "పెద్దమ్మాయ్, గ్యాస్ కట్టేశావా?"

చిన్నది పక్కనే నిలబడి ఉంది. దాని ముందు లేదని ఎలా అంటుంది? "ఆఁ, కట్టేశానత్తయ్యా."

ఇంకెవరూ ఆ మాటెత్తలేదు. ఇంతలో మరిది పరిగెత్తుకొచ్చాడు. అమ్మ మందులు పైనే ఉండిపోయాయని తెలిసి, చీకట్లో వెలుగుకని జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు.

"మళ్ళీ ఊగొచ్చు, లోపలికెళ్ళకండి" అని చిన్నది చెయ్యి పట్టుకుంది.

"చిటికెలో వస్తా. వదిన గ్యాస్ కట్టేసిందిగా, భయమేంటి?" అని విడిపించుకుని మెట్లెక్కాడు.

పెద్దకోడలికి పైప్రాణాలు పైనే పోయాయి. "ఆగు బాబూ! వెళ్ళకు! నేను కట్టలేదు, కట్టలేదు!" అని నలుగురూ తిరిగి చూసేలా అరిచింది.

మరిది వెనక్కొచ్చాడు. గ్యాస్ కంపెనీ మనుషులొచ్చి, కట్టేసి, తలుపులన్నీ తెరిచి వెళ్ళారు.

అప్పుడు అత్తగారు పెద్దకోడలితో అన్నారు. "ఆ పని నీకిమ్మని చిన్నదానితో చెప్పింది నేనేనే. నా చెయ్యి ఎవరు పట్టుకున్నా నడుస్తాను. పెద్దది కట్టేశానందంటే ఇంకొకరు వెళ్ళి చూడక్కర్లేదన్నాను."

కొన్నాళ్ళకు చిన్నది పనులు మళ్ళీ పంచింది. "అక్కా, అత్తయ్య చెయ్యి నువ్వు పట్టుకో. సిలిండర్ నేను చూసుకుంటా." అత్తగారు కాదనలేదు.

ఆ రోజు అందరూ ఉత్తుత్తి భూకంపం ఆడారు. పెద్దకోడలు అత్తగారి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతూ వెనక్కి చూసింది. వంటింట్లో చిన్నది సిలిండర్ మీదికి వంగి ఉంది. దాన్ని చూస్తే ఎంత కుళ్ళొచ్చిందంటే, ఇన్నాళ్ళూ తాను పడ్డది అసలు కుళ్ళే కాదనిపించింది.