క్షణం ముందు కొట్టాలి

గాజువాకలో వీడియోగేముల షాపు పెట్టిన ఎనిమిదేళ్లలో, నీలకంఠానికి అమ్ముడుపోని సరుకు అంటగట్టినవాడు ఒక్కడూ లేడు. అందుకే రెండువేల తొమ్మిది ఎండాకాలంలో డిస్ట్రిబ్యూటర్ మనిషి అర్జునరావు కొత్త పెట్టె పట్టుకుని విజయవాడ నుంచి దిగితే, కాఫీ తెప్పించాడు గానీ మాట ఇవ్వలేదు.

పెట్టెలో టార్చిలైటంత కర్ర ఒకటి ఉంది. పెట్టెను టీవీకి తగిలించి, కర్ర పట్టుకుని చెయ్యి ఊపితే, తెరమీద బొమ్మ బ్యాటు ఊపుతుంది. బటన్లు నొక్కే పని లేదు. ఇలాంటివే పేరున్న కంపెనీలవి షాపులో అప్పటికే ఉన్నాయి. కుర్రాళ్లు పేరు చెప్పి మరీ అడుగుతున్నారు. మాది వాటిలో సగం ధర, ముప్ఫై పీసులు తీసుకుంటే నెలలో ఊడ్చుకుపోతాయని అర్జునరావు ఊదరగొట్టాడు. నీలకంఠం ఒక్కటి మాత్రం షాపులో పెట్టి, ఆదివారం ఎవరైనా వచ్చి ఆడొచ్చని బోర్డు రాయించాడు.

ఆదివారం కాలేజీ కుర్రాళ్లు వరసకట్టారు. ఒక్కరికీ బంతి తగల్లేదు. వీళ్లు ఇప్పుడు ఊపితే తెరమీద బ్యాటు ఓ క్షణం ఆగి లేస్తోంది. ఆలోగా వికెట్లు ఎగిరిపోతున్నాయి. వెంకటేష్ అనే కుర్రాడు కర్ర బల్లమీద పెట్టేసి, దీన్ని పొద్దున లేపితే మధ్యాహ్నానికి మెలకువొస్తుందని తేల్చేశాడు. ఆట చూసి వెళ్దామని ఆగిన అర్జునరావు కూడా అందరితోపాటు నవ్వబోయి, ఆపుకుని, మొహం తుడుచుకున్నాడు.

అప్పుడే రిమోట్‌కి బ్యాటరీల కోసం గవర్రాజు వచ్చాడు. పోర్టులోనూ స్టీల్‌ప్లాంటులోనూ కలిపి ముప్ఫై ఏళ్లు క్రేన్ నడిపి, నిరుడే రిటైరైన మనిషి. కాసేపు చేతులు కట్టుకుని చూసి, తనకోసారి ఇమ్మన్నాడు. మొదటి రెండు బంతులూ పోయాయి. మూడోసారి, బౌలరు ఇంకా పరిగెత్తుతుండగానే ఆయన చెయ్యి నెమ్మదిగా కదిలింది. బంతి వెళ్లి జనంలో పడింది. ఆ తర్వాతదీ అంతే.

"ఎలాగ మావా?" అన్నాడు నీలకంఠం.

"ఏటుంది ఇందులో," అన్నాడు గవర్రాజు తెర మీంచి చూపు తియ్యకుండా. "క్రేన్‌లో నాను లివర్ లాగితే, కొక్కేనికి ఏలాడే బరువు ఓ క్షణం తరవాత కదుల్తాది. ముందే సూసుకుని లాగాల. కుర్రోళ్లకి ఆ ఓపికేదీ?"

సాయంత్రం దాకా కుర్రాళ్లు ఆయన చుట్టూ చేరి పాఠం చెప్పించుకున్నారు. వెంకటేష్ నాలుగు ఫోర్లు కొట్టి కాలరెగరేశాడు. వెళ్లేటప్పుడు మాత్రం పేరున్న కంపెనీదే కొనుక్కుపోయాడు.

గవర్రాజు ఆ కర్రే తీసుకున్నాడు. ఈ వయసులో ఇదేం పిచ్చని భార్య గౌరీశ్వరి విసుక్కుంది గానీ, మూడోరోజుకే మొగుణ్ణి ఓడించింది. ఆ కబురు పాకి, ఉక్కునగరం నుంచి పాత క్రేన్ ఆపరేటర్లు ఒక్కొక్కరే షాపుకొచ్చి అడగడం మొదలెట్టారు.

నీలకంఠం అర్జునరావుకి ఫోన్ చేశాడు. "కుర్రోళ్లలో ఇది నడవదండి. పెద్ద కంపెనీల ముందు నిలబడదు. డజను పంపండి, సాలు. క్రేన్ నడిపినోళ్లు ఎంతమందుంటే అన్నే పోతాయి."

అర్జునరావు చాలా మర్యాదగా, విజయవాడలో అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారండీ అని అడిగాడు.

డజనూ అమ్ముడుపోయాయి. మరో డజను ఎవరూ అడగలేదు. ఏడాది తిరక్కుండానే కంపెనీ ఆ కర్ర తయారీ ఆపేసింది. గవర్రాజు ఇంట్లో మాత్రం ప్రతి ఆదివారం మ్యాచే. షాపు మధ్యాహ్నానికే కట్టేసి నీలకంఠమూ వెళ్తాడు. అందరికంటే ముందు అవుటయ్యేది అతనే. గౌరీశ్వరి పకోడీల ప్లేటు చేతికిచ్చి, పక్కన కూర్చుని చూడమంటుంది.