బలం మాత్రలు

మా నందినికి పన్నెండో ఏట మొదలైన మూర్ఛ, మాత్రలు పడ్డాక తోక ముడిచింది. పెళ్లిచూపుల్లో ఆ సంగతి నేను చెప్పలేదు. చెప్పివుంటే ధర్మవరంలో మగ్గాలున్న ఇంటికి కోడలయ్యేదా? నెలనెలా రాప్తాడు నుంచి నేనే మాత్రలు తీసుకెళ్లి, వేరే డబ్బాలో పోసి, "రక్తం తక్కువ పిల్ల వదినా, బలానికి" అని వియ్యపురాలు ఉమాదేవి చేతికిచ్చేదాన్ని. నోరు విప్పనని నందిని చేత ఒట్టు కూడా వేయించుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెళ్లికి ముందే మూర్ఛ డాక్టరు ఒక మాట చెప్పాడు. "కడుపు రాకముందే తీసుకురండి, ఈ మాత్ర మార్చాలి. మీ అంతట మీరు ఆపొద్దు." ఈ నెల, వచ్చే నెల అనుకుంటూ ఉండిపోయాను. నందినికి రెండో నెల నిండిందని ఫోనొచ్చిన రోజు నాకు అన్నం దిగలేదు.

నాలుగో నెలలో నేను మాత్రలు తీసుకుని ధర్మవరం వెళ్లిన రోజే, సాయంత్రం పూట చంద్రగ్రహణం పట్టింది. ఉమాదేవి మగ్గాలు ఆపించింది. కత్తెర, సూది, ఆఖరికి పోగులు తెంపే బ్లేడు కూడా బీరువాలో పెట్టి తాళం వేసింది. కోడల్ని వెల్లకిలా పడుకోబెట్టి, "కదలొద్దమ్మా, బిడ్డకు గ్రహణం మొర్రి వస్తాది" అంటూ కాపలా కూర్చుంది. పాపం, పిల్ల కాలు దురదపెట్టినా గోక్కోలేదు. గ్రహణం విడిచాక తలస్నానం చేయించి, గ్లాసు పాలూ మాత్రా ఉమాదేవే తెచ్చిచ్చింది. నేను చూస్తూ కూర్చున్నాను.

ఐదో నెలలో అనంతపురంలో స్కానింగు తీయించాం. డాక్టరమ్మ చాలాసేపు తెరవైపే చూసి, బిడ్డకు నడుము దగ్గర వెన్ను మూసుకోలేదని చెప్పింది.

ఉమాదేవి కోడలివైపు తిరిగింది. "గ్రహణం పొద్దు కదిలినావా? నిజం చెప్పు."

"లేదత్తా" అంది నందిని. కళ్లనిండా నీళ్లు.

"గ్రహణానికీ దీనికీ సంబంధం లేదమ్మా," అంది డాక్టరమ్మ. "వెన్ను మొదట రేకులా చదునుగా ఉంటుంది. రెండంచులూ లేచి, మొదటి నెలలోనే కలిసిపోవాలి. కడుపొచ్చిందని తెలిసేలోపే అయిపోయే పని అది. కలవకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. అప్పట్లో ఈమె ఏమైనా మందులు వాడిందా?"

నందిని నావైపు చూసింది. నేను నేలచూపులు చూశాను.

"మందులేం లేవమ్మా," అంది ఉమాదేవి. "వాళ్లమ్మ తెచ్చిచ్చే బలం మాత్రలే. పెండ్లయినప్పటి నుంచి ఒక్క పొద్దూ తప్పకుండా నా చేత్తోనే ఇస్తాండా. ఇదో, ఈడే ఉండాది."

సంచిలోంచి డబ్బా తీసి బల్లమీద పెట్టింది. డాక్టరమ్మ ఒక మాత్ర అరచేతిలో వేసుకుని, దానిమీది అచ్చును వెలుతురుకు పట్టి చూసింది. ఆమె ముఖం మారిపోయింది.

"ఇవి ఎవరు తెచ్చారు?"

"నేనే," అన్నాను మెల్లగా.

ఉమాదేవి నా చేయి గట్టిగా పట్టుకుంది.

"ఎందుకు భయపడతావు వదినా? బలానికని చెప్పు."