ఉందని చెప్పిన మందు

మందుల షాపు అత్తగారిది, ఫోను పని కోడలిది. "జవాబు రెండు నిమిషాలు ఆలస్యమైతే జనం ఇంకో షాపుకి మెసేజ్ పెట్టేస్తున్నారు అత్తయ్యా" అని కోడలే పట్టుబట్టి, ఫోను తనంతట తానే బదులిచ్చే ఏర్పాటు చేయించింది. అడిగిన మందు కంప్యూటర్లో కనిపిస్తే చాలు, "ఉందండీ, అరగంటలో మీ ఇంటికి పంపిస్తాం" అని రెప్పపాటులో వెళ్లిపోతుంది.

"అరలో చూడకుండా ఉందనడమేంటే, గుడ్డెద్దు చేలో పడ్డట్టు" అని అత్తగారు మొదట్లో సణిగింది. గిరాకీ పెరిగాక నోరు మెదపలేదు.

ఆ మధ్యాహ్నం ఒకావిడ ఫోన్ చేసింది.

"ఇన్‌హేలర్ ఇంకా రాలేదేంటండీ? అరగంటన్నారు. మా పాపకి ఆయాసం ఎక్కువవుతోంది."

కోడలు అర తీసి చూసింది. డబ్బా ఖాళీ. ఆఖరిది పొద్దున అమ్ముడైంది, కంప్యూటర్లో తీసేయడం ఇద్దరూ మరిచిపోయారు. 'బయల్దేరిందండీ' అన్న మాట కోడలి నాలిక చివరిదాకా వచ్చింది.

అత్తగారు ఆమె మొహం చూసి గ్రహించింది. "లేదని చెప్పు."

"అత్తయ్యా..."

"చెప్పమంటున్నానా."

చెప్పింది. అవతలి నుంచి పిల్ల ఊపిరి పిల్లికూతలా వినిపిస్తోంది.

"ముందు అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి. మందు నేనే పట్టుకొస్తున్నా" అంది కోడలు.

ఎదురుగా ఇంకో మందుల షాపుంది. గిరాకీల పోటీలో రెండు షాపులకీ మాటలు లేవు. కోడలు చెప్పులైనా వేసుకోకుండా రోడ్డు దాటింది.

"అన్నయ్యగారూ, ఇన్‌హేలర్. చిన్నపిల్లకి."

అతను ఏమీ అడగలేదు. డబ్బా తీసిచ్చి, "పిల్లలకైతే మందు పీల్చడానికి ఈ గొట్టం కూడా ఉండాలమ్మా, పట్టుకెళ్లు" అన్నాడు.

స్కూటర్ మీద వెళ్తున్నంతసేపూ జేబులో ఫోను గుర్రుమంటూనే ఉంది. ఎవరెవరికో 'ఉందండీ' అని అదే చెప్పేస్తోంది. ఆపడానికి చెయ్యి ఖాళీ లేదు.

మూడో అంతస్తులో తలుపు తీసే ఉంది. పాప మంచం మీద ముందుకి వంగి, భుజాలెగరేస్తూ గాలి కోసం పెనుగులాడుతోంది. తల్లి మందు లాక్కుని, గొట్టానికి తగిలించి పాప నోటికి పెట్టింది. కాసేపటికి భుజాలు కొంచెం దిగాయి. అంబులెన్సు కూడా వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్దామన్నారు.

మెట్లు దిగుతూ తల్లి ఆగింది. "లేదని ఒక్క ముక్క చెప్పుంటే మా వీధి చివర షాపుకి పరిగెత్తేదాన్ని. మీరు ఉందన్నారనే కూర్చున్నా."



షాపుకి రాగానే కోడలు ఆ ఏర్పాటు తీసేసింది. సాయంత్రం పాప తేరుకుందని కబురొచ్చింది.

అప్పుడే ఎవరో మెసేజ్‌లో దగ్గుమందు అడిగారు. కోడలు అర దగ్గరికి నడిచింది. వెంటనే ఒక ప్రశ్నార్థకం, ఇంకో రెండు. "ఆన్‌లైన్లోనే ఉన్నారుగా, పలకరేం?"

ఆమె వేళ్లు ఫోను మీదికి వెళ్లాయి.

"చూడు. నింపాదిగా చూడు" అంది అత్తగారు.

సీసా తీసి, గడువు తేదీ చదివి, 'ఉందండీ' అని కొట్టింది. అప్పటికే అవతలి నుంచి వచ్చేసింది: "వద్దులెండి, వేరేచోట చెప్పేశాం."