ఐసు నీళ్లలో భానోజీరావు గారి చెయ్యి

నేను ఒక వ్యాయామ సైకిల్ని. పుట్టింది లూధియానాలో. లారీలో అనకాపల్లి దాకా ప్రయాణం చేశాను కానీ, నా అంతట నేను జానెడు దూరం కూడా పోలేదు. నాకున్నది ఒకటే చక్రం, అదీ గాల్లో తిరుగుతుంది.

మొదట నన్ను కొన్నది బట్టల వ్యాపారి సన్యాసిశెట్టి గారు. పొట్ట తగ్గించుకోవాలని ఉత్సాహంగా ఎక్కారు, ఆయాసంగా దిగారు. ఆ తర్వాత నా మీద ఆ ఇంటి తడి తువ్వాళ్లు ఆరాయి. ఎవరో అడగ్గానే ఆయన నన్ను ఒక వైద్య కళాశాలకు సంతోషంగా ఇచ్చేశారు.

అక్కడ నన్ను చూసి మురిసిపోయిన మొదటి మనిషి సువర్చల. శరీరధర్మశాస్త్రంలో పీజీ చదువుతోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఒళ్లు వేడెక్కేలా సైకిల్ తొక్కితే, ఆ తర్వాత కాసేపు నొప్పి తక్కువగా తెలుస్తుందని ఆమె చూపించాలి. అదే ఆమె పరిశోధన. మనిషి ఐసు నీళ్లలో చెయ్యి పెట్టి, భరించలేనప్పుడు తీసేయాలి. తర్వాత నన్ను తొక్కి, మళ్లీ పెట్టాలి.

ఆమె గురువు, విభాగాధిపతి భానోజీరావు గారు మాత్రం ఒప్పుకోలేదు.

"తొక్కితే నొప్పులు పుడతాయిగానీ తగ్గడమేంటమ్మా? నువ్వు ఎదురుగా నిలబడ్డావని మొహమాటానికి ఓర్చుకుంటున్నారంతే. వేరే అంశం చూసుకో."

సువర్చల మొహం చిన్నబోయింది. నెలల తరబడి పడ్డ పాటంతా నీళ్లపాలయ్యేలా ఉంది. తల వంచుకుని గుమ్మం దాకా వెళ్లి, చటుక్కున వెనక్కి తిరిగింది.

"మీకు నా దగ్గర మొహమాటం లేదు కదా సార్. మీరే ఎక్కండి."

ఆయన గుర్రుగా చూశారు. అయినా చొక్కా చేతులు మడిచి ఐసు నీళ్లలో చెయ్యి పెట్టారు. పళ్లు బిగబట్టారు, కళ్లు మూసుకున్నారు, చివరికి చెయ్యి లాగేసుకున్నారు. తర్వాత నా మీదెక్కి చెమటలు కారేదాకా తొక్కారు. దిగి మళ్లీ చెయ్యి ముంచారు. ఈసారి ఎంతకీ తీయరే! తన చేతిని తానే పరాయివాడి చెయ్యిలా వింతగా చూసుకున్నారు.

"ఓసినీ! నిజమేనే అమ్మాయ్!"

"మీ ఒక్కరితో రుజువైపోదు సార్. ఇంకా చాలామందిని చూడాలి. తొక్కకుండా ఊరికే కూర్చున్నవాళ్లతో పోల్చాలి."

ఆయన వింటేగా! సాయంత్రం తోటి ప్రొఫెసర్లను వెంటబెట్టుకొచ్చి, "చూడండయ్యా నా ఓర్పు!" అంటూ దర్జాగా చెయ్యి ముంచారు. మరుక్షణం "అమ్మోయ్!" అని కేక వేసి లాగేసుకున్నారు. గదంతా ఒకటే నవ్వులు.

"ఆ ఓర్పు కాసేపే ఉంటుంది సార్," అంది సువర్చల, నవ్వు ఆపుకుంటూ. "నేను చెప్పేదీ అదే."

ఎర్రబడ్డ వేళ్లు ఊదుకుంటూ ఆయన, "అయితే ఆ కాసేపు ఎంతసేపో కూడా తేల్చు. కానీయ్, ఇదే అంశం," అన్నారు.

ఆమె తేల్చింది, పట్టా పుచ్చుకుంది, మరో ఊళ్లో పాఠాలు చెబుతోంది. నా పెడళ్లు అరిగిపోయి నేను సామాన్ల గదికి చేరాను. మొన్న స్టోర్ కీపర్ గవరయ్య, పాత ఇనుము కొనేవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"దీన్ని తూకానికి వేసేద్దామా సార్?"

"ఆగవయ్యా," అన్నారు భానోజీరావు గారు రొప్పుతూ. "ముందు నన్ను దిగనీ!"